దీన్ని ఎవరు చేశారు, ఫాదర్?



పోయిన ఏడాది క్రిస్మసుకు మా గుడిలో పెట్టిన పశువుల పాకను చూసి అందరూ మెచ్చుకున్నారు. థర్మోకోలు గుహ, రంగులు మారే బల్బులు, ఒకే అచ్చులో పోసిన దేవదూతలు, అన్నీ ఆన్‌లైనులో తెప్పించినవే. మూడు అట్టపెట్టెల్లో వచ్చాయి. మన యువకులు గంటన్నరలో బిగించేశారు. నేనూ సంతోషించాను. ఎందుకంటే అంతకు ముందు సంవత్సరాల్లో వెదురు దొరకలేదనీ, గడ్డి ఎవరు తెస్తారనీ చివరి రోజు దాకా నాకు తలనొప్పిగా ఉండేది.

పండుగ మరునాడు సత్యోపదేశం పిల్లల్లో ఒక పాప, రెండవ తరగతి చదువుతుందేమో, నా చేయి పట్టుకుని పాక దగ్గరకు తీసుకెళ్ళింది. "దీన్ని ఎవరు చేశారు, ఫాదర్?" అని అడిగింది. "మన యూత్ అన్నయ్యలమ్మా" అన్నాను. "వాళ్ళు పెట్టారు. చేసిందెవరు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి స్టోరు గదిలో అట్టపెట్టెలు తిప్పి చూశాను. కంపెనీ పేరుంది, ధర ఉంది, బరువుంది, నల్లగీతల బార్‌కోడుంది. చేసిన మనిషి ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు. ఈ ఆగమన కాలంలో మీతో కలిసి ధ్యానించాలనుకున్నది ఆ పాప ప్రశ్న మీదనే.

పునీత లూకాగారి సువార్త రెండవ అధ్యాయం తీసి మరోసారి నెమ్మదిగా చదవండి. లోకరక్షకుని పుట్టుకను గురించి ఆ సువార్తికుడు ఎంత తక్కువ చెప్పారో గమనించండి. గది ఎలా ఉందో చెప్పలేదు, చలి ఉందో లేదో చెప్పలేదు. చెప్పింది రెండు వస్తువుల గురించి. ఒకటి పొత్తిగుడ్డలు, రెండవది పశువుల తొట్టి. ఎవరో వడికి, ఎవరో నేసిన గుడ్డ ఒకటి. ఎవరో తొలిచిన తొట్టి మరొకటి. పైగా ఆ గుడ్డలు చుట్టింది ఎవరు? మరియతల్లి తన చేతులతో చుట్టిందని స్పష్టంగా రాశారు. దేవదూత గొల్లలకు ఇచ్చిన ఆనవాలు కూడా ఆ గుడ్డలూ ఆ తొట్టీ. కాంతి కాదు, సింహాసనం కాదు.

క్రీ.శ. 325లో నైసియా మహాసభ కూడి, కుమారుడు చేయబడినవాడు కాడు, తండ్రి నుండి జనించినవాడు అని శ్రీసభ విశ్వాసాన్ని నిర్ణయించింది. దానికి 2025 నాటికి 1700 సంవత్సరాలు నిండాయి. ప్రతి ఆదివారం పూజలో మనం ఆ విశ్వాస సంగ్రహం చెబుతూనే ఉన్నాం. ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరిచేతా చేయబడని వాడు, మనిషి చేతితో చేసిన గుడ్డలో ఒదిగి పడుకున్నాడు. ఆ తరువాత ముప్పై ఏళ్ళ వరకూ వడ్రంగి ఇంట పెరిగాడు, తానూ వడ్రంగి అనిపించుకున్నాడు. మనుష్యావతారం అనే పెద్ద మాటకు ఇంతకంటే దగ్గరి అర్థం నాకు కనబడదు.

పొత్తిగుడ్డలంటే మన ఇళ్ళలో పెద్దవారికి వెంటనే తెలుస్తుంది. పురిటిబిడ్డకు కొత్తబట్ట వేయడం మన వాళ్ళకు అలవాటు లేదు. కొత్తది గరుకుగా ఉంటుంది, గంజి వాసన వేస్తుంది, లేత ఒంటికి ఒరుసుకుంటుంది. అందుకని వందసార్లు ఉతికి మెత్తబడిన అమ్మమ్మ నూలుచీర చింపి బిడ్డను చుడతారు. ఆ చీరలే పొరలు పొరలుగా పేర్చి కుడితే బొంత అవుతుంది. ఈ నగరంలో ఇప్పుడు దాన్ని 'క్విల్టు' అని పెద్ద దుకాణాల్లో వేల రూపాయలకు అమ్ముతున్నారట. మన ఊళ్ళలో అయితే బొంత అనే మాటే కాస్త చిన్నచూపుగా వాడతాం, పేదవాడి కప్పు అన్నట్లు.

ఆగమన కాలంలో ఇళ్ళు దర్శించేటప్పుడు కొండాపురం వైపు ఒక ఇంటికి వెళ్ళాను. పద్నాలుగవ అంతస్తు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, మంచి విశ్వాసులు. వారితో ఉంటున్న మామ్మగారు ఫిరంగిపురం ప్రాంతం నుండి వచ్చారు. అక్కడి బాలయేసు గుడి, ఆ పండుగ గురించి చెప్పడం మొదలుపెడితే ఆమెకు సమయం తెలియదు. ప్రార్థన అయ్యాక లోపలికి వెళ్ళి ఒక చిన్న బొంత తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"ఇది మా మనవరాలి బిడ్డకు కుట్టాను సామీ. అమెరికాలో పుడతాడంట జనవరిలో. పంపరంట. సామాను బరువెక్కువవుద్దంట" అన్నారు.

"అక్కడ అన్నీ దొరుకుతాయి ఫాదర్" అన్నాడు కొడుకు, కొంచెం సిగ్గుపడుతూ. ఆయన తప్పేమీ లేదు. నిజంగానే అక్కడ అన్నీ దొరుకుతాయి.

మామ్మగారు ఆ బొంతను వేళ్ళతో తడుముతూ చెప్పుకుంటూ పోయారు. ఈ తెల్లది తాతయ్య పంచె, పోయే ముందు కట్టుకున్నది. ఈ ఆకుపచ్చది మనవరాలి ఓణీ, పదో తరగతప్పుడు. ఈ అంచు మా అమ్మ చీరది. నా ఆఫీసులో జ్ఞానస్నానాల రిజిస్టరు ఉంది. అందులో తల్లిదండ్రుల పేర్లూ జ్ఞానతల్లిదండ్రుల పేర్లూ ఉంటాయిగానీ, ఒక బిడ్డకు తన వంశం ఇంత వివరంగా ఉండదు. నాలుగు తరాలు రెండు మూరల గుడ్డలో ఉన్నాయి. "దీన్ని ఎవరు చేశారు?" అని ఆ పుట్టబోయే బాబు ఎప్పుడైనా అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకు ఇరవై జవాబులు రావలసిన వస్తువు అది. అది అల్మారాలో ఉండిపోయింది.

ఇక్కడ మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. "ఫాదర్, మేము రాత్రి పది గంటలకు అమెరికా వాళ్ళతో మీటింగులో ఉంటాం. బొంతలు కుట్టమంటారా?" న్యాయమైన ప్రశ్నే. కొన్నది పాపమనీ, చేసినదే పుణ్యమనీ నేను అనడం లేదు. బేకరీలో కేకు కొన్నారని పాపసంకీర్తనంలో చెప్పనక్కరలేదు. పైగా చేత్తో చేసినంత మాత్రాన ప్రేమతో చేసినట్లు కాదు. విచారణలో ఎవరి కేకు మెత్తగా వచ్చిందని జరిగే పోటీలు, ఆ తరువాతి మాటలు నా చెవిన పడుతూనే ఉంటాయి!

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఒక భేదం పరీక్ష కోసం బట్టీ పట్టాను. పునీత థామస్ అక్వినాసుగారు అరిస్టాటిల్‌ను అనుసరించి చెప్పినది. వస్తువును తయారు చేయడం వేరు, మంచిగా ప్రవర్తించడం వేరు. కత్తి పదునుగా ఉందా అన్నదే కత్తికి ప్రమాణం. కమ్మరి మంచివాడా చెడ్డవాడా అన్నది కత్తికి అనవసరం. ఆ మాట సరైనదే. కానీ ఎన్నో ఏళ్ళ తరువాత జగద్గురువు రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో రాసిన 'లబోరెమ్ ఎక్సెర్సెన్స్' అనే విశ్వలేఖ చదివినప్పుడు, రెండవ సగం అర్థమయింది. పనికి రెండు ముఖాలున్నాయని ఆయన వివరించారు. చేసిన వస్తువు ఒక ముఖం, చేసే మనిషి రెండవ ముఖం. పనికి విలువ ముందుగా వస్తువు వల్ల రాదు, చేసేది ఒక మనిషి కనుక వస్తుంది. పని మనిషి కోసం, మనిషి పని కోసం కాదు.

ఇప్పుడు ఆ పాప ప్రశ్న మళ్ళీ వినండి. 'ఇదేమిటి' అని అడగలేదు. 'ఎంత' అని అడగలేదు. 'ఎవరు' అని అడిగింది. పోపుగారి లేఖ సారం ఏడేళ్ళ పిల్ల నోట వచ్చింది.

ఈ ప్రశ్నను మన ఇంటి పండుగ వస్తువులకు ఒక్కొక్కటిగా వేసి చూద్దాం.

మొదట పాక. క్రీ.శ. 1223లో ఇటలీలోని గ్రెచ్చియో అనే కొండ ఊరిలో పునీత అసిసీ ఫ్రాన్సిస్‌వారు మొదటిసారి పశువుల పాకను ఏర్పాటు చేశారు. పండుగకు పదిహేను రోజుల ముందే ఆ ఊరి పెద్ద ఒకాయనను పిలిచి, బేత్లెహేములో బాలుడు పడిన ఇబ్బంది కళ్ళారా చూడాలని ఉందని చెప్పారు. సిద్ధం చేసింది ఏమిటి? ఒక తొట్టి, కొంత ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. బొమ్మలు లేవు. ఆ తొట్టి దగ్గరే పూజ జరిగింది, ఫ్రాన్సిస్‌వారు డీకనుగా సువార్త పాడి ప్రసంగించారు. చుట్టుపక్కల జనం దివిటీలతో వచ్చి నిలబడ్డారు. బొమ్మల స్థానంలో ఉన్నది వారే. 2019 డిసెంబరు 1న ఫ్రాన్సిస్ పోపుగారు అదే గ్రెచ్చియోకు వెళ్ళి, ఇళ్ళలో పాకను పెట్టే ఆచారాన్ని విడవవద్దని ఒక లేఖపై సంతకం చేశారు. ఏ వస్తువులతోనైనా చేయవచ్చనీ, చిన్నప్పుడు అమ్మానాన్నల, తాతమ్మల పక్కన కూర్చుని నేర్చుకునేది అదనీ అందులో గుర్తుచేశారు.

మన దగ్గర ఏమున్నాయి? కొబ్బరి పీచు ఉంది, పాత గోనె ఉంది, గంజిలో ముంచి నలిపితే కొండగా నిలబడే దినపత్రిక ఉంది. బాలయేసును మాత్రం పిల్లల చేత మట్టితో చేయించండి. ముక్కు వంకరగా వస్తుంది. రానివ్వండి. ఆవునూ ఎద్దునూ కొనాలనుకుంటే మాదాపూరు శిల్పారామానికి వెళ్ళండి. కొండపల్లి బొమ్మల్లో ఆవులూ ఎడ్లబండ్లూ కొబ్బరిచెట్లూ ఉంటాయి. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో ముక్కలు అతికి రంగులు వేస్తారు. బేత్లెహేములో కొబ్బరిచెట్టు ఉంటుందా అని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

నక్షత్రం సంగతి పిల్లలకే వదిలేస్తున్నాను. వెదురు పుల్లలు పది, గాలిపటం కాగితం, దారం, పిండి ఉడికించిన జిగురు. అయిదు పుల్లలతో ఒక చుక్క, మరో అయిదుతో ఇంకొకటి. రెండింటినీ కొసల్లో కలిపి కట్టి, మధ్యలో చిన్న పుల్లలు నిలువుగా పెట్టి ఉబ్బేలా చేయాలి. పూర్వం లోపల దీపం పెట్టి, ఎన్ని నక్షత్రాలు కాలబెట్టామో! ఇప్పుడు చిన్న ఎల్ఈడీ బల్బు ఉంది గనుక ఆ భయం లేదు. ఈ ఒక్క విషయంలో కొత్తకాలమే మంచిది.

పిండివంటల దగ్గర కాస్త ఆగుదాం. క్రిస్మసు అంటే కేకు అని మన పిల్లలు అనుకుంటున్నారు. ప్లమ్ కేకు దొరల వంటింటి నుండి, సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియను కుటుంబాల నుండి మన ఇళ్ళకు వచ్చింది, మంచిదే. వారు చేసే కల్‌కల్స్ చూశారా? పిండిముద్దను ఫోర్కు వెనుక ఒత్తి చుట్టి నూనెలో వేయించి పంచదార పట్టిస్తారు. మన గవ్వలే కదా! మనకు గవ్వల చెక్క, వారికి ఫోర్కు. ఇనుప అచ్చును పిండిలో ముంచి నూనెలో విదిలించే గులాబీ పువ్వులు కూడా ఇద్దరి ఇళ్ళలోనూ ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగకుండా, రెండూ ఒకే పళ్ళెంలో పెట్టుకుని తినడం మేలు.

కానీ నేను మీకు చెప్పదలచినది అరిసెల గురించి. ఎందుకంటే అరిసెలు ఒక్కరు చేయలేరు. బియ్యం ముందురోజే నానబోసి, నీళ్ళు మార్చి, వడగట్టి, తడి ఆరకముందే దంచాలి లేదా మర పట్టించి జల్లించాలి. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే మెత్తని ఉండగా నిలిచే వేళ చూసి దించాలి. ఆ క్షణం దాటితే అరిసె రాయి అవుతుంది, ముందే దించితే నూనెలో విడిపోతుంది. దించగానే ఒకరు పిండి పోస్తుండాలి, బలమైన చేయి ఉన్నవారు తెడ్డుతో ఆపకుండా కలుపుతుండాలి. ఆ చలిమిడిని ఒకరు నువ్వులద్ది అరిటాకు మీద తట్టాలి, ఒకరు నూనెలో వేసి తీయాలి, ఒకరు రెండు చెక్కల మధ్య ఒత్తి నూనె పిండాలి. లెక్కపెట్టండి, అయిదుగురు. పాకం కుదరడం తెలిసింది అత్తగారికి, తెడ్డు తిప్పే బలం ఉన్నది అబ్బాయికి, తట్టడం సరదా చిన్నపిల్లకు. ఇంట్లో రెండు నెలలుగా మాటలు లేని వారు కూడా "పొయ్యండి, ఇంకా పొయ్యండి, చాలు!" అనకుండా ఈ పని జరగదు. అటువంటి ఇళ్ళు నాకు తెలుసు కాబట్టే చెబుతున్నాను. డిసెంబరు చివరి వారంలో అమెరికా ఆఫీసులు సెలవుల్లో ఉంటాయి గనుక కాస్త తెరపి దొరుకుతుందని మీలో చాలామంది అంటుంటారు. ఆ వారంలో ఒక్క సాయంత్రం ఫోన్లు పక్క గదిలో పెట్టి పాకం పట్టండి. మొదటిసారి చెడిపోతుంది. చెడిన అరిసెలు మా బంగళాకు పంపండి, తింటాను.

ఇంతవరకూ తేలికైన సగం. ఇంట్లో చేసుకున్న వస్తువుకు 'ఎవరు' అని అడిగితే అమ్మ అనీ తాత అనీ జవాబు వస్తుంది. బజారులో కొన్న చేతిపనికి అదే ప్రశ్న వేస్తే ఏమవుతుందో చూడాలి.

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం లేసు గురించి వినే ఉంటారు. సన్నని కొక్కెం సూదితో నూలుదారాన్ని అల్లే పని. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. గోదావరి ఎగువన దుమ్ముగూడెంలోనూ మిషనరీ దొరసానులు లేసు పని నేర్పించారు. వారు ప్రొటెస్టంటు సోదరులు. కరువులో గంజికి లేని ఇళ్ళకు ఆధారం చూపాలన్నదే వారి ఉద్దేశం. ఆ లేసు టేబుల్ గుడ్డలుగా, దిండు గలీబులుగా ఐరోపాకు, అమెరికాకు ఓడలెక్కింది. అక్కడి క్రైస్తవ గృహాల్లో పండుగ భోజనాల బల్లలమీద పరుచుకుంది. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కానీ మధ్యలో జరిగినది కూడా తెలుసుకోవాలి. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సమాజశాస్త్రవేత్త 1970వ దశకం చివర నర్సాపురం వచ్చి ఈ స్త్రీల మధ్య ఉండి అధ్యయనం చేసి, 1982లో పుస్తకం ప్రచురించారు. ఇంటిపని అంతా చేసుకుని, ఆపైన రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలకు దక్కే సగటు కూలి ఆ రోజుల్లో రూపాయికి లోపే ఉందని ఆమె లెక్కగట్టారు. ఎగుమతి వ్యాపారులు మేడలు కట్టారు. అంత తక్కువ ఎందుకిచ్చారు? దానికి కారణం డబ్బు కాదు, ఒక మాట. వారు కార్మికులు కారు, గృహిణులు, ఖాళీ సమయంలో కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అని అందరూ అనుకున్నారు. వ్యాపారి అన్నాడు, ప్రభుత్వం అంది, భర్తలు అన్నారు. చివరికి ఆ స్త్రీలే అలా అనుకున్నారు. కాలక్షేపానికి కూలి ఎందుకు?

ఈ మాట చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఎందుకంటే 'చేతిపని', 'ఇంటి ఆడవాళ్ళ ఓపిక', 'ప్రేమతో చేసినది' అని ఉపదేశం చెప్పే మావంటి గురువులం కూడా, తెలియకుండానే, ఆ కూలి తగ్గించే మాటకు బలం ఇస్తున్నామా అనిపించింది. ప్రేమతో చేసినదానికి వెల కట్టలేం నిజమే. కానీ వెల కట్టలేం గనుక వెల ఇవ్వనక్కరలేదు అనడం వేరే సంగతి. 1891లో పదమూడవ లియో పోపుగారు 'రేరుమ్ నొవారుమ్' విశ్వలేఖలో ఇదే చెప్పారు. కార్మికుడు ఒప్పుకున్నాడు కాబట్టి ఎంత తక్కువైనా న్యాయమే అనడానికి వీల్లేదు, కూలి అతని జీవనానికి సరిపోవాలి. పునీత యాకోబుగారి లేఖ అయిదవ అధ్యాయంలో, బిగబట్టిన కూలి దేవుని చెవుల దాకా మొరపెడుతుందని ఉంది. 2025 మేలో ఎన్నికైన మన జగద్గురువు పద్నాలుగవ లియోగారు ఆ పేరు ఎన్నుకోవడానికి ఈ విశ్వలేఖ కూడా ఒక కారణమని చెప్పారు. ఆనాడు యంత్రాలు, ఈనాడు కృత్రిమ మేధ. మనిషి పనికి గౌరవం ఏమవుతుందన్న ప్రశ్న మళ్ళీ తలుపు తడుతోందని ఆయన భావం. ఈ మాట ఆ స్త్రీలకే కాదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని డిసెంబరు నెలలో నిద్రపట్టని మన విచారణ యువకులకూ సంబంధించినది. నర్సాపురంలో లేసు అల్లిన చేతినీ, గచ్చిబౌలిలో కీబోర్డు మీద ఆడే చేతినీ ఒకే ప్రశ్న కాపాడాలి.

1992లో శిల్పారామం వచ్చింది. కూతవేటు దూరంలో 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించారు. రాళ్ళ గుట్టల మధ్య ఆ చేతిపనుల గ్రామం ముందు పుట్టి, అద్దాల భవనాలు తరువాత పుట్టాయి. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఎవరికీ ఆ వరుస గుర్తులేదు. అక్కడి దుకాణాల్లో నర్సాపురం లేసు దొరుకుతుంది, లంబాడీ అక్కచెల్లెళ్ళు అద్దాలు కుట్టిన సంచులు దొరుకుతాయి. పెద్ద మాల్‌లో మూడువేలు పోసి మారుమాట లేకుండా కొనే మనం, అక్కడ నేల మీద కూర్చున్న అమ్మ దగ్గర నాలుగు వందల సంచికి రెండువందల యాభై అంటాం. బేరం మన హక్కు అనుకుంటాం. క్రిస్మసు కానుక కొనేటప్పుడైనా, "అమ్మా, ఇది కుట్టడానికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగి చూడండి. జవాబు విన్నాక బేరం ఆడగలిగితే ఆడండి.

ఇంకొక అడుగు వేయాలి. ఆ అద్దాల భవనాలను ఎవరు చేశారు? పాలమూరు నుండి వలస వచ్చినవారు, ఒడిశా నుండి, బీహారు నుండి, బెంగాలు నుండి వచ్చినవారు. నానక్‌రాంగూడ, కోకాపేట వైపు ఇప్పటికీ రేకుల షెడ్లలో ఉంటూ నలభై అంతస్తులు లేపుతున్నవారు. డిసెంబరు రాత్రి ఆ రేకు ఎంత చల్లబడుతుందో అక్కడ పడుకున్నవారికే తెలుసు. వారిలో బాలింతలున్నారు. పొత్తిళ్ళలో బిడ్డలున్నారు. సత్రంలో చోటు దొరకని కుటుంబం గురించి మనం వేరే దేశం వైపు చూడనక్కరలేదు.

అందుచేత ఈ ఆగమన కాలంలో మా విచారణలో ఒక పని పెట్టుకున్నాం. ఇష్టమున్నవారు మీ మీ విచారణల్లోనూ పెట్టుకోవచ్చు కనుక వివరంగా రాస్తున్నాను. పురిటిబిడ్డల బొంతలు కుట్టడం.

పాత నూలుచీరలు కావాలి. నైలాను, జరీ, పట్టు వద్దు, చెమట పీల్చవు, గీరుకుంటాయి. ఫాల్ ఊడదీసి, గంజి పోయేదాకా వేడినీళ్ళలో ఉతికి, ఎండలో బాగా ఆరేయండి. బొంత పొడవు రెండు మూరలు, వెడల్పు మూరన్నర. లోపల మూడు పొరలు, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్క చీరకు రెండు చిన్న బొంతలు వస్తాయి. ముందు నాలుగు మూలలా, నడుమా పెద్ద టాకాలు వేసుకోవాలి, లేకుంటే పొరలు జరిగిపోయి మధ్యలో ఉండ కడుతుంది. తరువాత అంచు నుండి లోపలికి చుట్టూ తిరుగుతూ, వేలెడు ఎడంగా, పేట దారంతో పరుగు కుట్టు వేయాలి. ముడి ఎప్పుడూ రెండు పొరల మధ్యకే పోవాలి, బిడ్డ వీపుకు తగలకూడదు. చీర అంచును చివర చుట్టూ పట్టీగా వేస్తే చింపు కనబడదు. పూసలు, చమ్కీలు, గుండీలు ఏవీ వద్దు, బిడ్డ నోట పెట్టుకుంటుంది. ఎంత అందంగా కుట్టాలనిపించినా ఆగండి.

కుట్టడం రానివారు సూదిలో దారం ఎక్కించి ఇవ్వండి. కళ్ళు సరిగా కనబడని పెద్దవారికి అది పెద్ద సహాయం. మగవారు కూడా రావాలి. పునీత జోజప్పగారు చేతిపని చేసినవారే. నేను కూడా ఒక బొంత మొదలుపెట్టాను. నా కుట్లు చూసి సత్యోపదేశం పిల్లలు నవ్వుతున్నారు.

కుట్టినవి మనమే తీసుకెళ్ళి ఇద్దాం. ఫోటోలు తీయకూడదని ముందే చెబుతున్నాను. ఇచ్చేటప్పుడు బిడ్డ పేరూ తల్లి పేరూ అడగండి, వారు ఏ భవనం కడుతున్నారో అడగండి. మన పేరు వారు అడిగితే చెప్పండి.

పద్నాలుగవ అంతస్తు మామ్మగారు ఒప్పుకున్నారు. వారి మొదటి బొంత ఇంకా అల్మారాలోనే ఉంది. మొన్న కోడలు ఫోను చేసి, అమెరికా నుండి అమ్మాయి వీడియోలో ఆ బొంత చూసి ఏదో అడిగిందనీ, వచ్చే వేసవిలో వెళ్ళేటప్పుడు బరువు చూసుకుని తీసుకెళ్తామనీ చెప్పింది. చూద్దాం. ఈలోగా మామ్మగారు రెండవది మొదలుపెట్టారు. నేర్పడానికి ఆదివారం రెండవ పూజ తరువాత సత్యోపదేశం హాలులో కూర్చుంటారు. రాత్రి డ్యూటీ చేసి నిద్రలేచి వచ్చేవారి కోసం సాయంత్రం నాలుగింటికి ఇంకో వరుస ఉంటుంది. చాపలు మా దగ్గర ఉన్నాయి, బొంత సూదులు పాతిక తెప్పించాను. చీరలు మీరు తెండి. తెచ్చేటప్పుడు, ఆ చీర ఎవరిదో ఒక చీటీ మీద రాసి గుచ్చండి.